చూరు కింద కన్నం

శాంతాదేవికి అరికాలి మంట నెత్తికెక్కింది. నిచ్చెన మీద నిలబడి చూరు కింద వెంటిలేటర్‌లోకి చూస్తే, తను చేతులారా బిగించిన స్టీలు మెష్‌ని ఎవరో కోసేశారు. అరచెయ్యి పట్టేంత కన్నం. అందులో ఎండుగడ్డి, ఈకలు, మధ్యలో నోళ్ళు తెరుచుకున్న పిచ్చుక పిల్లలు.

కాలువ అవతల ఆయిల్ పామ్ తోట పక్కన, కుళ్ళిన ఆకులూ వేళ్ళతో పేరుకున్న పీట్ నేల పొద్దుటినుంచీ పొగ కక్కుతోంది. ఆ నేల కుంపటిలా లోలోపలే రగులుతుంది. గాలి లేచిందంటే పైన గడ్డి అంటుకుని నిప్పురవ్వలు ఎగురుతాయి. వాళ్ళుండే బటాంగ్ బెర్జుంటై ఊళ్ళో ఎండలు ముదిరితే ఇది మామూలే. పోయిన ఎండల్లో పక్కవీధి షామిని ఇల్లు అలాగే పోయింది. మంట గుమ్మం దాకా రానేలేదు. ఒక్క రవ్వ వెంటిలేటర్‌లోంచి దూరి అటక మీద పడింది, అంతే.

అప్పుడే శాంత పోరుపెట్టి, కందిపప్పు కూడా దూరని సన్నటి మెష్ తెప్పించింది. ప్లాస్టిక్ దోమతెర చాలదా అన్న మొగుడితో పోట్లాడింది. రవ్వ తగిలితే ప్లాస్టిక్ కరిగిపోదూ? నెలనెలా బ్రష్‌తో బూజు దులిపింది. పండక్కి గోడలకు రంగులేస్తుంటే, మెష్ మీద పడితే గాలాడదని దగ్గరుండి కాపలా కాసింది. ఇంత చేస్తే, ఇదీ ఫలితం!

"మావా! నువ్వే కోసినావా?"

కింద నిచ్చెన పట్టుకున్న మోహన్ బిత్తరపోయాడు. "నానేటికి కోస్తాను? దిగొచ్చి అన్నం తినవే. బొంబా ఫైరింజను వచ్చింది లా, ఆళ్ళే ఆర్పుతారు."

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. మొగుడంటే ఇలాగే ఉండాలి!

"నానే కోసినాను," అంది వాకిట్లోంచి అత్త దాలమ్మ. "నిచ్చెనెక్కి, రేకుల కత్తెరతో. పాపం, పిట్ట గూడుకొస్తే నీ ఇనప వల అడ్డం. పిచ్చుక పిల్లల్ని పెట్టిన ఇంట్లో ఆడమనిషి కడుపూ పండుతాది. మాయమ్మ సెప్పింది. నీ కోసమే సేసినాను."

నీ కోసమే! ఆ మాటకి శాంత ఒళ్ళు భగ్గుమంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ అందరి కళ్ళూ తన కడుపు మీదే. గుళ్ళో, పెళ్ళిళ్ళలో, ఆఖరికి కూరగాయల కొట్లో కూడా. ఇప్పుడు ఆ కడుపు కోసం కొంపకే కన్నం పెట్టారు.

అంతలో గాలి తిరిగింది. రవ్వలు కాలువ దాటొచ్చి పెరట్లో రాలసాగాయి. శాంత గూడుని పిల్లలతో సహా లాగి, కిందికి దిగి, వద్దు వద్దని అరుస్తున్న అత్త కొంగులో పడేసింది.

"ఇవిగో నీ మనవలు. ఎత్తుకో!"

అనరాని మాటే. అన్నందుకు ఆమెకేమీ బాధ కలగలేదు. అప్పట్లో మిగిలిన మెష్ ముక్క, తీగ, పటకారు పట్టుకుని మళ్ళీ ఎక్కింది. పొగకి కళ్ళు మండుతుంటే కన్నం మీద ముక్క పరిచి చుట్టూ తీగతో బిగించింది. వచ్చిన రవ్వలు మెష్‌కి తగిలి, నల్లబడి, రాలిపోయాయి. ఒకటి ఆమె మణికట్టు మీద పడింది. మోహన్ గొట్టంతో గోడలు తడిపాడు. గాలి పడేదాకా ఆమె దిగలేదు.

దిగొచ్చేసరికి దాలమ్మ మెట్ల మీద కొంగు కప్పుకుని కూర్చుంది. "తల్లిపిట్ట ఇంక రాదు," అంది. "ఇల్లు కాలితే కాలనీ. నీకో బిడ్డ పుడితే నాకదే సాలు."

"నాకు బిడ్డ కావాలని నానెప్పుడైనా అడిగినానా అత్తా?" అంది శాంత, పటకారు కింద పడేసి. "గుళ్ళు తిప్పినారు. డాక్టర్ల సుట్టూ తిప్పినారు. ఏవేవో మందులు మింగించినారు. నీకు కావాలా అని ఒక్కలు, ఒక్కలైనా అడిగినారా?"

దాలమ్మ కొంగు సర్దుకుంది. కొంగులో పిల్లలు కిచకిచలాడాయి. "మరి కావాలా, వద్దా?" అంది నెమ్మదిగా.

శాంత మొగుడి వైపు చూసింది. అతను కుళాయి కట్టడం మరిచి, నీళ్ళన్నీ తన కాళ్ళ మీదే పోసుకుంటున్నాడు.

"వద్దు," అంది శాంత.