హాస్టల్ సీటు మీద నా పేరు

పోలీసాయన మా వాడకట్టుకు వస్తాడని తెలిసినప్పటి నుంచి నాకు బువ్వ సహించలేదు. నా చెల్లెలు మాత్రం నవ్వుతూనే ఉంది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివే పిల్లలకు ఒక పెద్ద సర్కారు ప్రయోగశాల ఆరు నెలల ట్రైనింగ్ ఇస్తుందట. అణువు కన్నా చిన్న కణాలను పొడుగాటి గొట్టాల్లో ఉరికిస్తారట. దేశం మొత్తానికి పన్నెండు మందిని తీసుకుంటే, వాళ్లలో తెలకపల్లి దగ్గరి మా పిల్ల ఒకతి.

"నువ్వేం చేస్తవే ఆడ?" అని అడిగాను.

"ఆ గొట్టాలల్ల గాలి అన్నదే ఉండొద్దక్కా. యాడన్న సందున్నదేమో దేవులాడుడే నా పని."

"అంటే పంచర్ దుకాణమే!"

"గంతే. వాళ్లు నీళ్లల్ల ముంచుతరు, మేం హీలియం కొడ్తం" అంది, నా కొడుకు చరణ్ ముక్కు తుడుస్తూ.

అయితే అందులో చేరాలంటే పోలీసులు ఊరికొచ్చి విచారించి, కాగితాల్లో ఉన్న మనిషి ఈమేనని రాసి పంపాలి. మా భయమంతా అదే. కాగితాల్లో ఉన్నది నేను.

నేను ఐదో తరగతిలో పరీక్ష రాస్తే హాస్టల్ బడిలో సీటొచ్చింది, నిరోష అన్న నా పేరు మీద. అదే నెల అమ్మానాన్నలు పూణేకు మట్టి పనికి బయల్దేరారు. తమ్ముడు చంటిపిల్లవాడు. వాణ్ని ఎత్తుకోవడానికి, పొయ్యి ముట్టించడానికి నేనైతేనే పనికొస్తాను. "సీటెందుకు పోగొట్టుకోవాలె? చిన్నదాన్ని తోలుదాం. ఇద్దరు ఒక్క తీరుగనే ఉంటరు" అంది అమ్మ. ఆ రోజు నుంచి నా చెల్లెలు రజిత బడిలో నిరోష అయింది. పదో తరగతి మెమో, డిగ్రీ పట్టా, ఆధారు, అన్నీ ఆ పేరు మీదే. నా ఆధారు మీదా అదే పేరు. చరణ్ పుట్టిన సర్టిఫికెట్‌లో తల్లి పేరు కూడా నిరోషే. ఇద్దరి కాగితాలూ ఏనాడూ ఒకచోట చేరలేదు, ఎవరూ అడగలేదు.

కానిస్టేబుల్ బాలస్వామి వచ్చేసరికి నేను గడపలో కూచుని చరణ్‌కు తినిపిస్తున్నాను. ఆయన బండి ఆపి, నల్లా దగ్గరున్న సత్తెమ్మ పెద్దమ్మను అడిగాడు.

"నిరోష ఇల్లేదమ్మా?"

"గా పిల్లగానికి బువ్వ పెడ్తలేదా? గామెనే నిరోష."

ఆయన చేతిలోని ఫోటో చూశాడు, నన్ను చూశాడు. "ఫోటోల ఉన్నది నువ్వు కాదు గదమ్మా?"

"నేను రజితను సార్. నిరోష మా చెల్లె."

పెద్దమ్మ పకపకా నవ్వింది. "ఏందే, పెండ్లయినంక పేరు గూడ మర్సినవా?"

"పెద్దమ్మకు కండ్లు మంచిగ కానరావు సార్" అన్నాను.

"నా కండ్లకేం రోగమే! ఇప్పటికీ సూదిల దారం నేనే ఎక్కిస్త" అని బిందె ఎత్తుకుని విసురుగా వెళ్లిపోయింది.

అమ్మ గబగబా చాయ్ తెచ్చింది. చెల్లెలు బయటికొచ్చి ఆయన అడిగినవన్నీ తడబడకుండా చెప్పింది. ఆయన ముఖం విప్పారింది. "మంచి సదువు సదివినవ్ బిడ్డా. మావోడు సైన్సంటే సాలు, ఆమడ దూరం ఉరుకుతడు. ఇగ ఇంట్లోళ్లు ఒకరు సంతకం పెట్టుర్రి."

అమ్మది వేలిముద్ర. "ఇది పెడ్తది సార్" అని నన్ను ముందుకు తోసింది. ఆయన "రజిత, అక్క" అని రాసుకుని పెన్ను ఇచ్చాడు.

పొదుపు సంఘంలో, అంగన్‌వాడీ గుడ్ల దగ్గర, టీకాల కార్డు మీద, నేను ఎక్కడ పెట్టినా ఒక్కటే సంతకం. చరణ్ మెడ పట్టి గుంజుతున్నాడు. వాణ్ని సర్దుకుని కాగితం వైపు చూసేసరికి "నిరో" అని పడి ఉంది.

"రజిత అంటివి?" అన్నాడు ఆయన.

"తొందరల చెల్లె పేరు రాసింది సార్" అంది అమ్మ.

"సరే. ఏదీ, నీ ఆధార్ తియ్యమ్మా."

ఆధారు గోడకున్న సంచిలో, చరణ్ టీకాల కార్డుతోపాటే ఉంది. చెల్లెలు నా ముఖం చూసింది.

"నేనే రజితను సార్" అంది. "హాస్టల్ సీటు అక్కది. పరీక్ష రాసింది అక్క."

ఆయన కాగితం తన వైపు లాక్కున్నాడు. "నాకెందుకు చెప్పినవ్ బిడ్డా?" అన్నాడు. "ఇన్నంక ఇననట్టు రాస్తే నా నౌకరి పోతది."

ఇంకా విచారించాలని రాసుకుని పోయాడు. మూడు వారాలకు ప్రయోగశాల నుంచి ఉత్తరం వచ్చింది: గడువులోగా పోలీసు కాగితం అందలేదు, ఆ చోటు తర్వాతి వారికి ఇచ్చాం అని.

అమ్మ నాతో మాట్లాడడం మానేసింది. చెల్లెలు వకీలు కోసం నాగర్‌కర్నూల్ తిరిగింది. పేరు మార్చాలంటే కాలేజీయేమో హాస్టల్ బడిని అడగమంటుంది, ఆ బడేమో ఊరి బడిలోని మొదటి రిజిస్టరు తెమ్మంటుంది. ఎక్కువ కదిలిస్తే పట్టాయే పోవచ్చన్నాడట వకీలు.

నిన్న బట్టలు ఆరేస్తూ అడిగాను. "వచ్చే ఏడు ఆ ట్రైనింగ్‌కు మళ్ల రాస్తవా?"

"ఏ పేరు మీద రాయాలె అక్కా?"

నిజంగానే అడిగింది. నా దగ్గర ఉన్నవి నాలుగు కాగితాలు. ఆమెకు ఆ పేరు మీద పన్నెండేళ్ల చదువుంది.

"నిరోష మీదనే రాయి. నా పేరు నేనే మార్చుకుంట. చరణ్ సర్టిఫికెట్ల గూడ."

వద్దక్కా అంటుందేమోనని చూశాను. అనలేదు.