ఆరు వారాల పాలు

పాల క్యాన్లు వేడినీళ్లతో కడిగి బోర్లించడం ఈ ఇంట్లో పద్దెనిమిదేళ్లుగా నా పనే. వాటిని బండికి తగిలించుకుని ఇల్లిల్లూ తిరిగి పాలు పోయడం మా ఆయన కొండల్ పని. ఈ ఆరు వారాలూ అదీ నేనే చేశాను. బార్కస్ దగ్గరి మా బర్రెల కొట్టం నుంచి ఆటోలో క్యాన్లు వేసుకొచ్చి, ఫలక్‌నుమా గల్లీల్లో మెట్లెక్కి దిగి పాలు పోశాను. భుజాలు పడిపోయాయి. చూసినవాళ్లంతా అయ్యో పాపం అన్నారు. నాకైతే పెళ్లయ్యాక ఇంత సుఖమైన రోజులు లేవు. ఈ మాట పైకి అంటే చెప్పుతో కొడతారు.

ఆయనకు మూత్రంలో మంట మొదలైంది. "ఎండకు అయింటది, మజ్జిగ తాగితే పోతది" అన్నాడు. పోలేదు. డాక్టరు రక్తపరీక్షలు రాస్తే, ప్రోస్టేట్ పరీక్షలో అంకె ఎక్కువొచ్చింది. ముసలివాళ్లకొచ్చే జబ్బు నలభై మూడేళ్లకే ఏమిటని అడిగాను. డాక్టరు మాత్రం నిదానంగానే చెప్పాడు. ఈ వయసులో అంకె పెరిగితే చాలాసార్లు వాపో ఇన్‌ఫెక్షనో అయి ఉంటుందట. తండ్రికి, అన్నదమ్ములకు ఇలాంటిది ఉందా అని అడిగాడు, లేదన్నాం. మందులు వాడి ఆరు వారాలకు మళ్లీ పరీక్ష. అప్పటికీ తగ్గకపోతే స్కానింగ్, అందులో అనుమానం వస్తే ముక్క తీసి చూడటం. "ఒక్క రిపోర్టు చూసి కత్తి పట్టుకోము" అన్నాడు.

ఆయన్ని మూత్రం ఇచ్చి రమ్మని పంపాక, నాతో గొంతు తగ్గించి అన్నాడు. "పరీక్షకు ముందు రెండు రోజులు ఆయన బైకు నడపొద్దు, మీరిద్దరూ కలవొద్దు. లేకపోతే అంకె ఊరికే పెరుగుతుంది. ఇవన్నీ మీరే చూసుకోవాలమ్మా." మగవాడి ఒంటి సంగతి మగవాడికి చెప్పడానికి డాక్టరుకే మొహమాటం.

బయట బెంచీ మీద ఆయన అడిగాడు. "ఏమన్నడే?"

"ఆరు వారాలు బండి ముట్టొద్దంట. నన్ను ముట్టొద్దంట" అన్నాను.

ఎలా వచ్చిందో ఆ మాట, వచ్చేసింది. డాక్టరు రెండూ కలిపి చెప్పాడు కాబట్టి ఒకటి పెంచితే రెండోదీ పెంచాల్సి వచ్చింది. బండి ఆగితే పాలు నా నెత్తినే పడతాయని తెలిసే అన్నాను.

మా ఇంట్లో రాత్రిపూట నేను వద్దంటే చెల్లదు. జ్వరమన్నా చెల్లదు, నడుం నొప్పన్నా చెల్లదు. "దినమంత నడుమిరగ తిరిగొస్త. గింత గూడ లేదా నాకు?" అంటాడు. కొట్టడు. కొట్టినా బాగుండేది, ఎవరికైనా చెప్పుకుందును. ఒకసారి ధైర్యం చేసి మా అత్త ఎల్లమ్మ దగ్గర నోరు విప్పితే, బర్రెకు కుడితి పెడుతూనే అంది. "మొగుడు పక్కకొస్తుండని ఏడ్చేదాన్ని నిన్నే చూస్తున్న. రాకపోతే తెలుస్తది." మా అమ్మ, "మెల్లగ అలవాటైతది బిడ్డా" అంది. అలవాటు కాలేదు. రోజూ పొద్దుగూకుతుంటే కడుపులో రాయి పడ్డట్టే ఉంటుంది.

ఈ ఆరు వారాలూ ఆ రాయి లేదు. ఒళ్లు హూనమైనా అది నా ఒళ్లే. ఆయన సణుక్కుంటూ, విసుక్కుంటూ, మొత్తానికి ఆగాడు. పెళ్లాం వద్దంటే ఆగని మనిషి ఒక అంకె వద్దంటే ఆగాడు. దానికే నాకు ఏడుపొచ్చింది.

రెండో పరీక్ష ముందు లాల్‌దర్వాజ అమ్మవారి దగ్గరికి వెళ్లాను. ఆయనకేమీ కావొద్దు తల్లీ అని మొక్కాను, నిజంగానే మొక్కాను. ఆ వెంటనే, ఇంకో ఆరు వారాలు ఇట్లాగే ఉంటే, అనుకున్నాను. నా మీద నాకే రోత పుట్టింది.

అంకె తగ్గింది. ఇన్‌ఫెక్షనే అయి ఉంటుంది, స్కానింగ్ అక్కర్లేదు, ఆరు నెలలకు మరోసారి చూద్దాం అన్నాడు డాక్టరు. వెంట వచ్చిన అత్త చేతులెత్తి దండం పెట్టింది. నాకూ గుండె బరువు దిగింది. తర్వాత ఇంటికి వెళ్లాలని గుర్తొచ్చింది.

"ఇగ బండి నడపొచ్చా సార్? ఆరు వారాలాయె, కాళ్లు గట్టుకోని కూసున్న" అన్నాడు ఆయన.

"ఆరు వారాలని ఎవరన్నారు? నేను చెప్పింది పరీక్షకు ముందు రెండు రోజులే."

ముగ్గురూ నావైపు తిరిగారు. ఆయన పెద్దగా నవ్వాడు. "గీ మొద్దుకు చెప్తే గిట్లనే ఐతది సార్. దీనికి సమజ్ కాలే."

"ఉత్తపుణ్యానికి నా కొడుకును ఇంట్ల కూసోబెట్టింది" అంది అత్త. డాక్టరు కూడా నవ్వాడు.

తలొంచుకుంటే సరిపోయేది. తప్పు విన్నాను సార్ అంటే, మొద్దునని అందరూ మర్చిపోయేవాళ్లు. రేపటి నుంచి బండీ ఆయనదే, నేనూ ఆయన సొత్తే. ఏం చెప్పినా అది మారేది కాదు. ఆ సంగతి తెలిసే నోరు తెరిచాను.

"మంచిగనే సమజైంది సార్. మీరు రెండు దినాలే అన్నరు. ఆరు వారాలు నాకు గావాల్నని నేనే చెప్పిన."

ఆయన నవ్వు ఆగిపోయింది. డాక్టరు ఒక్క క్షణం నావైపు చూసి, బెల్లు నొక్కి తర్వాతివాళ్లను పిలిచాడు.