ఆదివారం ఆముదం

ఆదివారం చేపలబుట్ట ఖాళీ కాగానే ఢిల్లీబాబు ఒళ్ళు రుద్దుకుని స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, కాశీబుగ్గలో కొత్తగా పెట్టిన చిన్నతనం కుర్చీలకు బయల్దేరతాడు. ఆ కుర్చీలో కూర్చుని, అద్దం మీద బొటనవేలు ఆనించి, తలకు టోపీ పెట్టుకుంటే అరగంటసేపు ఎవరి చిన్నతనంలోకి వాళ్ళు పోయి రావచ్చు. జేబులో ఉన్నది అక్కడికి వెళుతుంది, అక్కడ ఎవరి ఒంటికి ఏది అంటినా అది ఇక్కడికి వస్తుంది. పక్కింటి రత్నాలమ్మ తాటిముంజలు నములుతూ లేచింది. జగదీశ్వరరావు మాస్టారు బెత్తం దెబ్బలకు అరచేతులు వాచి లేచారు. చూసినవాళ్ళు కొబ్బరినూనె రాసుకోమన్నారు.

ఢిల్లీబాబు పెళ్ళాం దేవికి కుర్చీల మీద ఏ అనుమానమూ లేదు. ఉన్నదంతా మొగుడి మీదే. మూడు నెలలుగా ప్రతి ఆదివారం జేబులో ఆముదం సీసాతో వెళ్ళి ఉత్త చేతులతో వస్తున్నాడు. మొదటి నెలంతా మోకాలి కింద కుక్కకాట్లతో వచ్చాడు. ఆ తర్వాత నవ్వుకుంటూ రావడం మొదలెట్టాడు. కాట్లనైనా సహించింది గానీ ఆ నవ్వు చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది. డొంకూరులో అతని మేనమామ కూతురు ఇందు ఉంది. చిన్నప్పుడు అతనికే అనుకున్న పిల్ల. నడుం దాటిన జుట్టు. ఆముదం ఇంకెవరికి?

"ఇందు కూడా ఎల్తందా ఆ కుర్చీలకి?" అని ఓ రోజు అడిగేసింది.

"నాకేటి తెల్సు?" అన్నాడు ఢిల్లీబాబు, చెప్పులు వెతుక్కుంటూ.

వెళ్ళి చూద్దామంటే దేవి వేలిముద్ర ఏ యంత్రం మీదా పడదు. తొమ్మిదో ఏట నుంచి జీడిపిక్కలు కొట్టిన చేతులు అవి. కలిగినవాళ్ళు ఆముదం రాసుకుని కొట్టేవాళ్ళు. దేవికి వాళ్ళమ్మ బూడిద రుద్దేది. పిక్కల్లోంచి కారే జీడిసొనకు వేళ్ళు కాలి నల్లబడి, గీతలన్నీ అరిగిపోయాయి. రేషన్ దగ్గర ముద్ర పడక ఎన్నిసార్లు వెనక్కి వచ్చిందో. ఒకసారైతే ఇంటికొచ్చి ఏడ్చింది. అలాంటిది పోయిన నెల మొదటిసారికే పడింది. చేతుల నలుపూ విరుగుతోంది. దేవి దాన్నీ నమ్మలేదు. యంత్రం పాడైందనుకుంది.

ఈ ఆదివారం తాడో పేడో తేల్చుకుందామని మొగుడి వెనకే వెళ్ళింది. ఇందు కనిపిస్తే అటునుంచి అటే మందసలో అన్న ఇంటికి పోవడానికి సంచి కూడా సర్దుకుంది. ఢిల్లీబాబు అప్పటికే టోపీ పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. చుట్టుపక్కల ఇందు లేదు. ఇక్కడ లేకపోతే అక్కడ ఉంటుందిలే అనుకుని పక్క కుర్చీలో కూర్చుని వేలు ఆనించింది. పచ్చలైటు వెలిగింది. టోపీ పెట్టుకుంది.

సుమ్మాదేవిలో తన పుట్టింటి పాక ముందు, తొమ్మిదేళ్ళ ఒంటితో, పిక్కలు కొడుతూ ఉంది దేవి. స్టేషను వైపు నుంచి ఓ గుంటడు చెమటలు కక్కుతూ వచ్చాడు. చెవి పక్కన పుట్టుమచ్చ. అది ఎవరిదో దేవికి తెలుసు. అయినా వాడి వెనకాల ఇందు వస్తోందేమోనని చూసింది. ఎవరూ లేరు. పాక గోడకు ఆనించి ఖాళీ సీసాలు వరసగా ఉన్నాయి.

గుంటడు దూరంగానే ఆగాడు. దేవి పక్కన పడుకున్న కుక్క వంక భయంభయంగా చూస్తూ సీసా నేలమీద పెట్టాడు.

"పోయినోరం సీసా అయిపోనాదా? ముందు సేతులకి రాసుకో. అప్పుడు కొట్టు."

టోపీలు తీసి ఇద్దరూ ఒక్కసారే లేచారు. దేవికి సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

"నాకెందుకు సెప్పనేదు మావా?"

"రేషన్ కాడినుంచొచ్చి నువ్వేడిసినావు గదా, ఆ వారమే మొదలెట్టినాను. సెప్తే మాత్రం నమ్ముదువేటి? నాలుగు వారాలు దొంగోడినని కుక్కని ఉసిగొలిపినావు. అప్పుడూ నీకు అనుమానవే."

దేవి అతని కాలి మీద మచ్చలు చూసింది. సర్దుకొచ్చిన సంచి అతని చేతికిచ్చి మొయ్యమంది. వీధిలోకి వచ్చాక మెల్లగా అంది:

"వొచ్చే ఆదివారం కూడా రా మావా. నాను ముందొచ్చి కుక్కని కట్టేసి ఉంచుతాను."