ఐదు నిమిషాల పొడి

ఆమె చేతిలో జల్లెడ ఆడుతుంటే తెల్లటి పొడి సన్నగా రాలుతోంది. వేళ్ళ మధ్య వెన్నలా జారే పొడి. డబ్బా మీద మెగ్నీషియం స్టియరేట్ అని ఉంటుంది. ఆమె పనిచేసే మాత్రల ఫ్యాక్టరీలో అందరూ జారుడు పొడి అంటారు. రోగం తగ్గించే గుణం దానికి లేదు. మాత్ర అచ్చుకు అంటుకోకుండా చూడటమే దాని పని. అన్నీ కలిశాక చివర్లో వేసి, ఐదే నిమిషాలు తిప్పుతారు. ఎక్కువ తిప్పితే మందు రేణువులకు పూతలా పట్టేస్తుంది. ఆ మాత్ర కడుపులో తొందరగా కరగదు.

ఆమె ఇదంతా చెబితే అత్తగారు మూతి తిప్పింది. "ఇంట్లో పిండి జల్లిస్తే జీతం లేదు, అక్కడుంది. అంతేగా తేడా!" నిజమే మరి. ఇరవై రెండేళ్ళు జల్లించింది, వండింది, కడిగింది. "పొద్దంతా ఏం చేస్తుంటావ్?" అని భర్త రోజూ అడిగేవాడు. ఏ కాగితమొచ్చినా "నీకెందుకు, ఇక్కడ వేలిముద్ర పెట్టు" అనేవాడు. పెట్టేది. ఆయన పోయాక, నలభై ఆరో ఏట, కూతురి దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దుకుంది.

ఆ రోజు సూపర్‌వైజరు జారుడు పొడి వేసి, కలిపే యంత్రం తిప్పి, ఫోను చెవిలో పెట్టుకుని వరండాలోకి వెళ్ళాడు. దాని మీట అతను తప్ప ఎవరూ ముట్టకూడదు. ఆమె రెండుసార్లు పిలిచింది. చేత్తోనే ఆగమన్నాడు. అతను తిరిగొచ్చేసరికి గోడ గడియారంలో ఇరవై నిమిషాలు గడిచాయి.

"ఐదని రాసి సంతకం పెట్టెయ్ అక్కా," అన్నాడు రిజిస్టరు జరుపుతూ. "అదేమన్నా మందా?"

"మాత్రలు కరగవు కద సార్."

"కరుగుతాయిలే, నిదానంగా. వచ్చే నెల నీ ఉద్యోగం ఖాయం చెయ్యమని రాయాల్సింది నేనే. మర్చిపోకు."

మర్చిపోలేదు. ఇల్లు నడుస్తున్నదే ఆ ఉద్యోగం మీద. కానీ ఎక్కడో ఒక ఆవిడ ఈ మాత్ర మింగి, నొప్పి తగ్గక మంచం అంచున కూర్చుంటుంది. "వేసుకున్నావుగా, ఇంకా ఏమిటా మూలుగు?" అని ఇంట్లోవాళ్ళు కసురుతారు. తప్పు తన ఒంటిదే కాబోలనుకుని ఆవిడ లేచి వంటింట్లోకి పోతుంది. అలా లేచి వెళ్ళడం ఆమెకు బాగా తెలుసు.

కలం తీసుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, 'ఇరవై నిమిషాలు' అని రాసింది.

"ఆ పేజీ చింపేస్తే ఏం చేస్తావ్?" అన్నాడతను.

"చింపండి సార్," అంటూ ఆమె కలం కింద పెట్టకుండానే తర్వాతి పేజీ తిప్పింది.