పాలు తేనెల ఆదివారం

మల్లవీ ఊరి ఇవాంజెలికల్ చర్చిలో ఆదివారానికో అంశం పెట్టి ఆరాధన జరిపించే పనిని తహానీ నెత్తికెత్తుకుంది. మంచి కాపరి ఆదివారానికి నిజం గొర్రెను తెప్పిస్తే అది వేదిక మీది పూలన్నీ మేసేసింది. అప్పట్నుంచి సంఘపెద్ద ఫహీమ్, ఆమె కనబడితే చాలు, "ఈ వారం ఏ జంతువు, టీచరమ్మా?" అని అడుగుతాడు. తహానీ వింటే గదా. బడిపిల్లల్ని అదిలించి అదిలించి రిటైరైన మనిషి.

ఈసారి అంశం "పాలు తేనెలు ప్రవహించే దేశం". నెయ్యి కారే పొరల రొట్టెలు, తెల్ల జున్ను, పాలలో వండిన అన్నం, తేనె. ఇరుగుపొరుగునూ చుట్టాలనూ అందరినీ పిలిచారు. తహానీకి కావలసింది మాత్రం ఒక్కరే, అక్క నర్గిస్. వీళ్ల పుట్టింటివాళ్లు ఆర్థడాక్స్ శాఖ క్రైస్తవులు. తహానీ ఇవాంజెలికల్ ఇంటి కోడలయ్యాక అక్క ఈ చర్చి గడప తొక్కలేదు. రమ్మని తహానీ అడగనూ లేదు. కాదంటే తట్టుకోలేనని భయం. ఈసారి గుండె చిక్కబట్టుకుని అడిగితే నర్గిస్, "సరే, చూద్దాంలే" అంది. ఆ ఒక్క మాటకే వారమంతా తహానీ కాళ్లు నేల మీద ఆనలేదు.

శనివారం పొద్దున గుర్తుచేద్దామని ఫోన్ చేసింది.

"ఏం చేస్తున్నావక్కా?"

"పప్పు ఉడకేస్తున్నా. ఉపవాసాల్లో ఇంకేం చేసుకుంటాం? మీకేం తల్లీ, మహారాజులు."

తహానీ గోడ మీది క్యాలెండరు వైపు చూసింది. క్రిస్మసు ముందు ఉపవాసాలు! ఆర్థడాక్స్ వాళ్లు మాంసం సరే, పాలు, నెయ్యి, జున్ను కూడా ముట్టరు. పుట్టింట్లో ఉన్నన్నాళ్లూ తనూ ముట్టలేదు. పిలిచినవాళ్లలో సగం మంది వాళ్లే. ఏదో నసిగి ఫోన్ పెట్టేసి, పాస్టరు రెఫాత్ గారింటికి పరుగెత్తింది. ఫహీమ్ అక్కడే కూర్చుని టీ తాగుతున్నాడు.

"అంశం మార్చాలి పాస్టరు గారూ."

"ఆరాధన రేపే కదమ్మా. ప్రసంగం రాసేశాను. ఆ పాలు తేనెల కనాను దేశం పొలిమేర దాకా వచ్చి ఇప్పుడు వెనక్కెలా తిరుగుతాం?"

"ఉపవాసమున్నవాళ్లను పిలిచి నెయ్యి రొట్టెలు పెడితే విందంటారా, వెక్కిరింపంటారా?"

పాస్టరు గారు నాలిక్కరుచుకున్నారు.

"నువ్వు పెరిగిన ఇంటి ఉపవాసాలే కదా. మర్చిపోయావా?" అన్నాడు ఫహీమ్.

"మర్చిపోయా" అంది తహానీ. అక్క వచ్చి, ఆ బల్ల చూసి, చెల్లెలు మమ్మల్నే మర్చిపోయిందనుకుంటే? ఇంకెప్పుడూ రాదు.

ఆమె ముఖం చూసి ఫహీమ్ వేళాకోళం మానేశాడు. "వాళ్లు చేప తినొచ్చుగా, ఈ ఉపవాసాల్లో?"

"ఐదు రొట్టెలు, రెండు చేపలు, ఐదు వేలమందికి విందు" అన్నారు పాస్టరు గారు మెల్లగా. "ఆ ప్రసంగం పాతదొకటి ఉందిలే."

"రెండు చాలవండీ. రెండు గంపలు కావాలి" అంది తహానీ, అప్పుడే లేస్తూ. "మరి ఆ నెయ్యి రొట్టెలో?"

"వాటి సంగతి నాకొదిలెయ్" అన్నాడు ఫహీమ్.

ఆదివారం చర్చంతా చేపల వేపుడు వాసన. ఆమెన్ ఎప్పుడొస్తుందా అని జనం ఎదురుచూస్తున్నారు. రెండో పాట సగంలో నర్గిస్ వచ్చి, మధ్యలో లేచి వెళ్లడానికి వీలుగా తలుపు పక్క బెంచీ చివర కూర్చుంది. చేతిసంచి ఒళ్లోంచి దించలేదు. తహానీకి ప్రసంగం ఒక్క ముక్క చెవికెక్కలేదు.

ఆరాధన అయ్యాక అక్క చేయి పట్టుకుని బల్ల దగ్గరకు తీసుకెళ్లింది. నర్గిస్ చేపల్ని చూసింది, చెల్లెల్ని చూసింది.

"పాలు తేనెలన్నావుగా?"

"మార్చాను."

"అయ్యో, నేను అనవసరంగా మోసుకొచ్చానే." నర్గిస్ సంచిలోంచి గుడ్డలో చుట్టిన రొట్టె, పప్పు గిన్నె తీసి బల్ల మీద పెట్టింది. "పాలు తేనెలన్నప్పుడే అనుకున్నా, ఈ పిచ్చిది ఉపవాసాలు మర్చిపోయిందని."

"అప్పుడే చెప్పొచ్చుగా అక్కా?"

నర్గిస్ రొట్టె తుంచి, చేప ముక్కకు ముల్లు తీసింది.

"చెప్తే, సరేలే, ఈసారికి వద్దులే అంటావేమోనని. ఇన్నేళ్లకు పిలిచావు."

తహానీ అందరి ముందూ ఏడ్చేసింది. నర్గిస్ ఆ ముద్ద ఆమె నోట్లో పెట్టింది.