అరచెయ్యి నిండే గిటారు

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర గిటార్లు బాగుచేసే అఫ్సాకు ఆ పని నేర్పింది ఆమోసు మాస్టారు. ఇప్పుడాయనకు డెబ్బై ఎనిమిదేళ్లు. వయసులో ఉన్నప్పుడు చెన్నైలోని ఒక కంపెనీకి ‘తరంగ’ అనే ఎలక్ట్రిక్ గిటారు రూపకల్పన చేసిచ్చాడు. పదేళ్లపాటు కోస్తాలో ఏ ఆర్కెస్ట్రాలో చూసినా అదే కనిపించేది. తర్వాత తయారీ ఆగిపోయింది. తరంగకు యాభయ్యేళ్లు నిండిన సందర్భంగా అచ్చం పాతవాటిలాంటివే వంద చేస్తామని కంపెనీ ఈమధ్య ప్రకటించింది.

నమూనా పట్టుకుని కంపెనీ మనిషి చక్రి ఆమోసు ఇంటికి వచ్చాడు. అదే ఎరుపు, అవే తెల్ల నాబ్‌లు. ఆమోసు దాన్ని ఒళ్లో పెట్టుకుని, తీగలు నొక్కే పొడవాటి నెక్‌ను అరచేత పట్టి కాసేపు మీటి, పక్కన పెట్టేశాడు.

“నెక్ సన్నగా ఉంది బాబూ. ఇది తరంగ కాదు.”

ఇప్పటివాళ్లకు సన్న నెక్కే ఇష్టమనీ, పాతది లావుగా ఉండడం అప్పటి చేతిపనిలో లోపమని తమ ఇంజనీర్లు తేల్చారనీ చక్రి మర్యాదగానే చెప్పాడు.

చక్రి వెళ్లాక, అక్కడే ఉన్న అఫ్సా అడిగితే అసలు సంగతి బయటికొచ్చింది. మొదటి తరంగను ఆమోసు తన స్నేహితుడు లాజరు కోసం చేశాడు. లాజరు పగలు గూడ్స్‌షెడ్డులో బస్తాలు మోసి, సాయంత్రాలు ఆర్కెస్ట్రాలో వాయించేవాడు. సన్న నెక్ పట్టుకుంటే అతని వేళ్లు కొంకర్లు పోయేవి. అరచెయ్యి నిండేలా చెక్కి ఇస్తే మూడు గంటలు ఆపకుండా వాయించాడు.

“లోపమన్నారమ్మా. అదే మనసుకి గుచ్చుకుంది,” అన్నాడు ఆమోసు.

అఫ్సా చక్రికి ఫోన్ చేసింది. ఇంకో నెలలో తయారీ మొదలవుతుంది, మార్చడం కుదరదన్నాడతను.

“నెలుంది కదండీ,” అందామె.

మాస్టారి దగ్గరున్న పాత గిటారు నెక్‌కు అంగుళం అంగుళానికీ అట్టముక్కలు కత్తిరించి కొలతలు తీసింది. కొండపల్లిలో టేకు కోయించుకొచ్చింది. చెక్కిన మొదటి నెక్ వారంలోనే వంకరపోయింది. రెండోది చిత్రిక పడుతుంటే చీలింది. మూడోదానికి, కూల్చేసిన ఇంటి తాలూకు పాత ద్వారబంధం కొనుక్కుంది. ఆమోసు వేళ్లతో తడిమి, ఇక్కడ ఇంకో కాగితం మందం తియ్యమనేవాడు. తీసేది. చివరికి ఒకరోజు ఆయన దానిమీద వేసిన చెయ్యి చాలాసేపు తియ్యలేదు.

దాంతో ఆమె చెన్నై వెళ్లింది. కంపెనీ గిటారుకే తన నెక్ బిగించి, వాళ్ల నమూనా పక్కన పెట్టింది. అక్కడ వాయించి సరిచూసే ఐదుగురికీ రెండూ ఇచ్చి అరగంట చొప్పున వాయించమంది. నలుగురు లావుదే కావాలన్నారు. మేనేజరు ఒప్పుకుని అట్టముక్కల కోసం చెయ్యి చాపాడు. అఫ్సా ఇవ్వలేదు.

“ఇంకొక్కటండీ. ఇది ఎవరు చేశారో మీరు గిటారుతో ఇచ్చే పుస్తకంలో ఎక్కడా లేదు. మాస్టారి పేరు గిటారు మీద ఉంటేనే ఇస్తాను.”

లాయర్లు చూడాలన్నాడు. చూడమంది. రెండు రోజులు పొద్దున్నే వచ్చి ఆఫీసు మూసేదాకా బయట బెంచీ మీద కూర్చుంది. మూడో రోజు సంతకం పెట్టిన కాగితం చేతికొచ్చాక అట్టలు ఇచ్చింది.

ఆగస్టులో మొదటి గిటారు ఆమోసు ఇంటికొచ్చింది. తలభాగం వెనక ‘రూపకర్త: ఆమోసు, విజయవాడ’ అని చెక్కి ఉంది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివి, అఫ్సా చేత మరోసారి పైకి చదివించుకున్నాడు. తర్వాత శ్రుతి చేసుకుని వాయించడం మొదలుపెట్టాడు. ఆమె గుమ్మంలోనే కూర్చుండిపోయింది. ఆరోజు షాపు తెరిచేసరికి మధ్యాహ్నమైంది.