కైగుణం చూసి తీసిన టెంప్లేట్

మండీ నడిపే నంజుండప్ప నన్ను మోసం చేయలేదనీ, తప్పంతా నాదేననీ కోలారు టమాటా మార్కెట్లో ఇప్పటికీ అంటారు. అనేవాళ్లను అననీ. పంతొమ్మిది రోజులు నోరు మూసుకొని పక్క అంగళ్ల లెక్కలు చదివినవాణ్ణి పెద్దమనిషి అనడం నా వల్ల కాదు.

నా పేరు కేశవ. మా నాయన కేజీఎఫ్ గనిలో దగ్గు తెచ్చుకుని మంచం పట్టాక ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. తరువాత బంగారుపేట సైబర్ సెంటర్లో పాడైన కంప్యూటర్లు విప్పి బిగించడమే నా చదువు. కోలారు పక్కన తమకలో మునిశంకర్‌కు ఒక సర్వర్ ఉంది. మండీలకు, అంటే టమాటా కమీషన్ అంగళ్లకు, బిల్లింగ్ నడిచేది దాని మీదే. దాన్ని చూసుకునేది నేను.

సర్వర్ ఒకటే. లోపల గదులు కడతాం, వాటిని కంటైనర్లంటారు. మా గని కాలనీ లైన్ ఇళ్ల మాదిరే: పొడవునా ఒకటే కప్పు, ఇంటికో తలుపు. మండీకో గది. ఒకరి లెక్క ఇంకొకరికి కనపడదు. ప్రతి గదినీ మొదటినుంచి కట్టనక్కర లేదు. ఒకదాన్ని మన పనికి తగ్గట్టు సరిచేసి, మూట కట్టి టెంప్లేట్‌గా పెట్టుకుంటే దాన్నుంచి ఎన్నయినా దించవచ్చు. మూట కట్టేముందు మాత్రం పాత తాళాలు, పాస్‌వర్డులు, బిల్లులు ఏవీ మిగలకుండా కడగాలి.

ఏప్రిల్‌లో పదకొండు కొత్త మండీలు ఒక్కసారే వచ్చాయి. ఖాళీ సిస్టం మీద కొత్త టెంప్లేట్ చేస్తానన్నాను. మునిశంకర్ ఒప్పుకోలేదు.

"నంజుండప్ప గదినుంచే తియ్యప్పా. ఆయన కైగుణం, హస్తవాసి, మంచిది. కొత్త అంగడి పెట్టేవాళ్లు తక్కెడ కూడా ఆయన చేతనే ముట్టిస్తారు గదా."

"అది తక్కెడ సార్. ఇది వాడిన గది. లోపల ఏం మిగిలిపోయి ఉంటాదో."

"కడగడానికే గదా నువ్వుండేది. పదకొండు మందీ అదే అడుగుతావుండారు. ఇంగ వదిలెయ్."

నిజం చెప్పాలంటే నాకూ అదే సులభం. పదిహేను కిలోల బాక్సు తూకం, కమీషను, రెండు భాషల్లో రైతుల పేర్లు, ఆ గదిలో అన్నీ కుదిరి ఉన్నాయి. అప్పుడే మునిశంకర్ ఒక స్టాంపు కాగితం తీశాడు. నా పనివల్ల ఒక మండీ లెక్క ఇంకో మండీకి చేరితే, నష్టానికి నా భూమి జామీను. సాక్షి సంతకం నంజుండప్పది. నలభై ఎనిమిదేళ్ల వయసులో ఎనిమిదో తరగతివాడికి ఇంకెవరు పని ఇస్తారు? సంతకం పెట్టాను.

రెండు రోజులు కడిగాను. ఒక్కటి మరిచిపోయాను. సాయంత్రం ఆరింటికి ఆ రోజు లెక్కంతా నంజుండప్ప మెయిలుకు పోయేటట్టు, ఆయనే అడిగితే, రెండేళ్ల కింద నేనే పెట్టిన ఏర్పాటు. పదకొండు గదుల్లోకీ అది దిగింది.

మార్కెట్ గేటు దగ్గర నంజుండప్పే నన్ను పిలిచి టీ ఇప్పించాడు.

"బాగా చేసినావప్పా టెంప్లేటు. దినామూ ఆరింటికి నా ఫోను పన్నెండుసార్లు మోగుతాది."

నాకు అర్థమయ్యేసరికి టీ చల్లారింది. "ఎన్నాళ్లుగా అన్నా?"

"పంతొమ్మిది దినాలు."

"ఒక మాట చెప్పకూడదా?"

"చెప్తే తీసేస్తావు గదా." నవ్వాడు. "అట్లే ఉండనీ. ముట్టినావంటే ఆ కాగితం మాట మునిశంకర్ దగ్గర నేనే ఎత్తుతా. సాక్షిని గదా."

ఒక్కో గదిలో చెరపాల్సింది, ఆ మెయిలు పంపే ఒక్క వరుస. అయిదు రోజులు ఆ వరుస ముందు కూర్చున్నాను. చెరిపితే భూమి పోతుంది. ఉంచితే నేనూ దొంగనే. చెయ్యి మీటల దాకా పోయేది, వెనక్కి వచ్చేది. ఆరు కొట్టేది.

ఆరో రోజు మునిలక్ష్మి తమకకే వచ్చింది. ఆ పదకొండు మండీల్లో ఒకటి ఆమెది.

"అప్పా, నా రైతులు ఒక్కొక్కరే నంజుండప్ప అంగడికి పోతావుండారు. ఎవురికి కమీషన్లో నేనెంత వదిలితే, అంతకన్నా ఒక రూపాయి ఎక్కువ వదులుతానని ఫోన్లు చేస్తాడంట. ఆయనకెట్లా తెలుస్తాది?"

"యాడనో విని ఉంటాడమ్మా."

"యాడ వింటాడు? నేను ఇంట్లో కూడా చెప్పను. నువ్వే కొంచెం చూసిపెట్టప్పా. నాకింగ కంప్యూటరు తెలిసినోళ్లు ఎవురుండారు?"

ఆమె బస్సెక్కే లోపలే పదకొండు గదుల్లోనూ, టెంప్లేట్లోనూ ఆ వరుస చెరిపాను. తరువాత మునిశంకర్ దగ్గరికి పోయి అంతా చెప్పాను.

"నీకు తెలిసి ఎన్ని దినాలైంది?"

"అయిదు."

"ఆ అయిదే నిన్ను ముంచినాయి కేశవా."

"ఆ గదినుంచి తియ్యమన్నది మీరే గదా సార్."

"తియ్యమన్నా. కడగొద్దన్నానా?"

నంజుండప్పను ఎవరూ ఏమీ అనలేదు. తన ఫోనుకు వచ్చింది తను చదివాడట. పోయిన రైతులు తిరిగి రాలేదు. పదకొండు మందీ నష్టం అడిగారు, మునిశంకర్ కాగితం బయటికి తీశాడు. నన్ను మాత్రం పనిలోంచి తీయలేదు. ఆ గదుల్లో ఏది ఎక్కడుందో నాకు తప్ప ఎవరికీ తెలియదు. పోతానంటే, మిగిలిన నష్టం ఎవరు కడతారని అడుగుతాడు. రోజూ బంగారుపేటనుంచి వచ్చి అదే కుర్చీలో కూర్చుంటున్నాను. గని మూసినప్పుడు నాయనకు వచ్చిన డబ్బుతో కొన్న మామిడి తోట మునిశంకర్ పేరుకు మారిపోయింది. ఒక ఎకరం పన్నెండు గుంటలు.